చివరి మాట దాకా నిలిచే గొంతు

శ్రోతలకు నమస్కారం.

నేను ఎలా ఉంటానో మీకు తెలియదు. పొడుగో పొట్టో, జుట్టు నెరిసిందో లేదో మీకు కనిపించదు. అయినా నేను నమస్కారం అనగానే మీ మనసులో ఒక మనిషి తయారైపోయింది. ఈవిడకు ఇంత వయసుంటుంది, ఈవిడ మాట వినొచ్చు, లేదా రేడియో కట్టేయొచ్చు అని మీ చెవి అప్పుడే తీర్పు చెప్పేసింది. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతిని పరీక్షించి 2014లో ప్రకటించారు. 64 మంది గొంతుల్లోంచి ఒక్క ‘హలో’ మాత్రం తీసుకుని 320 మందికి వినిపించారు. అర సెకనులో అయిపోయే మాట అది. ఆ ఒక్క మాటతోనే ఈ మనిషిని నమ్మొచ్చా, ఈ మనిషి నలుగురి మీద పెత్తనం చేసే రకమా అన్న విషయాల్లో విన్నవాళ్లు చాలావరకు ఒకే అభిప్రాయానికి వచ్చారు. ఆ అభిప్రాయం నిజమో కాదో పరిశోధకులు పరీక్షించలేదు. అందరికీ ఒకేలా అనిపించింది, అంతవరకే.

ఆ ‘అనిపించడం’ గురించే ఇవాళ మాట్లాడతాను. 30 ఏళ్లకు పైగా మైకు ముందు కూర్చున్నదాన్ని. ఈ విషయం నాకు బతుకుతెరువు.

ఇంగ్లీషులో కరిస్మా అనే మాట ఒకటుంది. గ్రీకు భాష నుంచి వచ్చింది, వరంగా దొరికింది అని అర్థం. మన ఊళ్లలో దానికి ఇంత పేరు పెట్టరు. “ఆయన నోరు విప్పితే లేచి రాబుద్ధి కాదు” అంటారు. అంతే. కానీ గొంతులకు మాత్రం మనవాళ్లు బోలెడు పేర్లు పెట్టారు. కంచు కంఠం, బొంగురు గొంతు, కీచు గొంతు, జీర గొంతు, తేనె గొంతు. ఈ మాటల్లో ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోదు. కంచు అన్నామంటే మెచ్చుకున్నట్టే. కీచు అన్నామంటే పక్కన పెట్టినట్టే.

కంచు కంఠం అనగానే పెద్దవాళ్లకు కొంగర జగ్గయ్య గుర్తుకొస్తారు. సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారాయన. తర్వాత తమిళ నటుడు శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడాల్సి వస్తే ఆ గొంతూ జగ్గయ్యదే అయింది. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. గొంతు వల్లే గెలిచారని నేను అనను. కానీ ఆ గొంతు వినని ఓటరు ఆ నియోజకవర్గంలో ఎంతమంది ఉండి ఉంటారు?

ఇంతకీ గొంతు లోతుగా ఉంటే మనకు ఎందుకంత గౌరవం? స్వరపేటికలో రెండు మెత్తని మడతలుంటాయి, వాటినే స్వరతంత్రులు అంటాం. ఊపిరి వాటి మధ్యనుంచి వచ్చేటప్పుడు అవి కొట్టుకుంటాయి. మగవాళ్లలో సుమారుగా సెకనుకు నూటికి పైచిలుకు సార్లు, ఆడవాళ్లలో రెండు వందల దరిదాపుల్లో. సంగీతం తెలిసినవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. మడతలు పొడుగ్గా, మందంగా ఉంటే నెమ్మదిగా కొట్టుకుంటాయి, శబ్దం కిందికి దిగుతుంది. పెద్ద డోలుకు, చిన్న కంజీరకు ఉన్న తేడాయే. అందుకే లోతైన గొంతు వినగానే ‘పెద్ద శరీరం, బలం, పెద్దరికం’ అని చెవి అనేసుకుంటుంది. కానీ పెద్దయిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కొలిస్తే శ్రుతికీ ఎత్తుకూ ఉన్న సంబంధం చాలా పలచన. సన్నటి మనిషికి గంభీరమైన గొంతు ఉండటం మనమంతా చూసిందే. అయినా చెవి తన లెక్క మార్చుకోదు.

2012లో అమెరికాలో మయామీ, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొంతమంది ఆడవాళ్ల చేత, మగవాళ్ల చేత ఓటు అడిగే వాక్యం ఒకటి చెప్పించి, ఒక్కో గొంతునూ కంప్యూటరులో కాస్త పైకి ఒకసారి, కాస్త కిందికి ఒకసారి జరిపారు. మాట అదే, మనిషి అదే. ఈ రెండింటిలో దేనికి ఓటేస్తారంటే, ఆడ గొంతైనా మగ గొంతైనా, జనం కిందికి దించినదానివైపే మొగ్గారు. మరుసటి ఏడు ఇంకొందరు పరిశోధకులు 792 మంది అమెరికా కంపెనీల అధిపతుల గొంతులు కొలిచారు, అందరూ మగవాళ్లే. లోతైన గొంతువాళ్లు పెద్ద కంపెనీల్లో, పెద్ద జీతాల మీద కనిపించారు.

ఈ ఫలితాలు చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి ఆడిషన్‌కి వెళ్లినప్పుడు నా గొంతు వార్తలకు పనికిరాదన్నారు. “సన్నగా ఉందమ్మా, బరువు లేదు, పిల్లల కార్యక్రమానికైతే చూద్దాం” అన్నారు. నేను చదివిన వార్తలో తప్పు ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఎన్నో నెలలు ఇంట్లో తలుపు వేసుకుని గొంతు కిందికి దించి చదివాను. సాయంత్రానికి గొంతు మండేది, వాక్యం చివరికి వచ్చేసరికి గరగరమనేది. ఎంతోమంది ఆడపిల్లలు ఇప్పటికీ ఇదే పని చేస్తున్నారు. గొంతులో ఉన్న సహజమైన శ్రుతిని ఒక లోపంలా దాచుకుంటున్నారు. ఇది అన్యాయం.

మార్గరెట్ థాచర్ కథ చాలామంది వినే ఉంటారు. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలయ్యాక ఆవిడ శిక్షణ తీసుకుని గొంతును కిందికి దించుకున్నారు. ఆ కథను అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం దాని తర్వాతి ముక్క ముఖ్యం. అంత శిక్షణ తీసుకుని ప్రధానమంత్రి అయినావిడను ఇంటర్వ్యూల్లో మాటిమాటికీ మధ్యలో ఆపేసేవాళ్లు. ఎందుకని? బీటీ, కట్లర్, పియర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు 1982లో ‘నేచర్’ పత్రికలో దీనికి జవాబు రాశారు. ఆవిడ ఇంకా చెప్పాల్సింది ఉండగానే, ఒక మాటల గుంపు చివర గొంతు గబుక్కున కిందికి జారేది. వింటున్నవాళ్లకు అది ‘నా మాట అయిపోయింది’ అని చెప్పినట్టు ఉండేది. ఎదుటివాడు ఎత్తుకునేవాడు.

ఇది చదివాక నేను మన భాషను కొత్తగా విన్నాను. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, చివర గొంతు కొంచెం జారినా అర్థానికి పెద్ద నష్టం లేదు. తెలుగు వాక్యం అలా కాదు. ఎవరు, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అంతా అయ్యాక కట్టకడపట వస్తుంది క్రియ. ఔననేది, కాదనేది కూడా అక్కడే. “రేపటి నుంచి కాలువకు నీళ్లు ఆపడం…” ఇక్కడిదాకా విన్న రైతుకు ఏమీ తెలిసినట్టు కాదు. ‘జరుగుతుంది’ వస్తుందో ‘లేదు’ వస్తుందో, దాని మీద ఒక మడి నారు ఆధారపడి ఉంది.

సరిగ్గా అక్కడే ఊపిరి అయిపోతుంది. వాక్యం మొదట్లో ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది, గొంతు నిటారుగా నిలబడుతుంది. పోనుపోను గాలి ఒత్తిడి తగ్గి శ్రుతి దిగుతుంది, గట్టితనమూ తగ్గుతుంది. ఏ భాషవాళ్లకైనా ఇంతే. మనకు మాత్రం అసలు సరుకంతా బండి వెనకభాగంలో ఉంది. సభల్లో మనవాళ్లు ఎంత ఆర్భాటంగా మొదలుపెడతారో, క్రియ దగ్గరకు వచ్చేసరికి ఎలా మింగేస్తారో ఈసారి గమనించండి. అద్దంకి మన్నార్, పన్యాల రంగనాథరావు, మామిళ్లపల్లి రాజ్యలక్ష్మి ఢిల్లీ నుంచి వార్తలు చదివిన కాలం తెలిసినవాళ్లు వాళ్ల గొంతులు ఇంకా చెవిలో ఉన్నాయంటారు. ముగ్గురివీ మూడు రకాల గొంతులు. ముగ్గురి గొంతులోనూ క్రియ మాత్రం నిండుగా వినపడేది.

మా ఊళ్లో నా చిన్నప్పుడు దండోరా వేసే ఆయన ఉండేవాడు. పాలు పితికే వేళకు వచ్చేవాడు. రచ్చబండ దగ్గర వేపచెట్టు కింద నిలబడి తప్పెట మీద మూడు దెబ్బలు వేసి, ఎడమచెయ్యి చెవి వెనక పెట్టుకుని ఎత్తుకునేవాడు. “రేపు తెల్లారగట్ట చెరువు తూము ఎత్తుతారహో… ఆయకట్టు రైతులంతా బోదెలు బాగు చేసుకోవాలహో…” ఆయనది లోతైన గొంతేమీ కాదు. బాగా పై స్థాయిలో, సన్నగా, తీగలా సాగేది. మైకు లేని మనిషి నాలుగు వీధుల అవతలికి వినపడాలంటే కిందిస్థాయి గొంతు చాలదు. ఆ చివరి ‘హో’ ఉంది చూశారూ, దాన్ని నేను పెద్దయ్యాక గానీ అర్థం చేసుకోలేదు. క్రియ కింద పడిపోకుండా పట్టుకునే ఊతకర్ర అది. ‘ఎత్తుతారు’ అన్నది అక్కడితో జారిపోకుండా, హో అని పైకి లేచి, పాలచెంబు చేతిలో పట్టుకున్న మా అమ్మమ్మ దాకా వచ్చేది. ఆవిడ పితకడం ఆపి వినేది. ఊరంతా ఆగి వినేది. ఆ గొంతుకు అంత శక్తి. ఆ మనిషిని మాత్రం ఏ ఇంటి అరుగు మీదా కూర్చోమన్నవాళ్లు లేరు. దండోరా అయ్యాక తప్పెట చంకన పెట్టుకుని వాడకు వెళ్లిపోయేవాడు. గొంతును గౌరవించి మనిషిని గౌరవించని ఊరు మాది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ‘హో’ తలుచుకుంటే నాకు సిగ్గూ బాధా కలుగుతాయి.

దూరానికీ స్థాయికీ ఉన్న ఈ లంకె మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. నాట్యశాస్త్రంలో కాకువు గురించి, అంటే మాటలో గొంతు పలికే వంపుల గురించి చెబుతూ, భరతుడు మూడు స్థానాలు చెప్పాడు. రొమ్ము, కంఠం, శిరస్సు. దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు శిరస్సు నుంచి, మరీ దూరం కానివాడితో కంఠం నుంచి, పక్కనే ఉన్నవాడితో రొమ్ము నుంచి పలకాలని. నాకు ఇది మొత్తం విద్యను ఒక్కచోట పెట్టినట్టు అనిపిస్తుంది. ఎదుటివాడు నాకు ఎంత దూరంలో ఉన్నాడు? ముందు అది తేలాలి. శ్రుతి తర్వాత దానంతటదే కుదురుతుంది.

మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకాల నటులు తారస్థాయిలో రాగం తీసి వేలమందిని తెల్లవార్లూ కూర్చోబెట్టారు. ఆ కాలపు ఆకర్షణ పైస్థాయిదే. మైకు వచ్చాక లెక్క మారింది. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడే రొమ్ము గొంతు ఊరంతటికీ వినపడటం మొదలైంది. పైగా మైకు ఒక పని చేస్తుంది. స్టూడియోల్లో వాడే చాలా మైకులకు నోరు బాగా దగ్గరగా పెడితే మంద్ర ధ్వనులు పెరిగి, మామూలు గొంతు కూడా గంభీరంగా మోగుతుంది. రేడియో గొంతు అని మీరు మెచ్చుకునేదాంట్లో కొంత మైకు చలవే. మీ చెవి చలవ కూడా ఉంది. పాతకాలపు టెలిఫోను తీగ సెకనుకు 300 కంపనాలకు దిగువనున్న ధ్వనులను దాదాపుగా మోసేదే కాదు. మగవాళ్ల అసలు శ్రుతి అంతకంటే ఎంతో కింద ఉంటుంది. అయినా ఫోనులో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది. తీగలో రాని శ్రుతిని మీ చెవే పైన ఉన్న ధ్వనులను బట్టి పూరించుకుంది.

చెవి పూరించుకునేది శ్రుతి ఒక్కటే కాదు. 1982లో ఎన్.టి. రామారావు చైతన్యరథం మీద నిలబడి మాట్లాడినప్పుడు జనం విన్నది ఆనాటి ఆ గొంతును మాత్రమేనా? పాతికేళ్లుగా తెర మీద కృష్ణుడై పలికిన గొంతును కూడా కలిపి విన్నారు.

లోతే సర్వస్వమైతే గాంధీ గొంతు ఏమవ్వాలి? సన్నటి గొంతు, పెద్దగా ఎగుడుదిగుడులు లేవు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు వచ్చినవాళ్లలో ఎంతోమందికి ఆయన మాట వినిపించి కూడా ఉండదు, లౌడ్‌స్పీకర్లు ఇంకా మన సభలకు రాలేదు. 1947 నవంబరు 12న, దీపావళి నాడు, ఆయన ఢిల్లీలో ఆకాశవాణి భవనానికి వచ్చారు. అలా స్టూడియోకి వచ్చి మాట్లాడటం ఆయన జీవితంలో అదొక్కసారే. కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న కాందిశీకుల దగ్గరకు స్వయంగా వెళ్లలేకపోయి, వాళ్ల కోసం మైకు ముందు కూర్చున్నారు. ఆ రోజునే మనం ప్రజాప్రసార దినంగా జరుపుకుంటున్నాం. గాంధీ గొంతు రికార్డులు నేను చాలాసార్లు విన్నాను. పక్కన చాప మీద కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య విరామం ఇస్తారు, ఆ విరామంలో వినేవాడు ఆలోచించుకోవచ్చు. భరతుడు చెప్పిన ఆ పక్కనున్నవాడి స్థానమే అది. నా వరకు అంతకంటే పట్టి ఉంచే గొంతు లేదు.

ఇంకొకవైపు స్టీవ్ జాబ్స్. ఐఫోన్ లాంటి కొత్త వస్తువులను జనానికి చూపిస్తూ ఆయన చేసిన ప్రసంగాలను ధ్వని పరిశోధకులు కొలిచి చూశారు. మగవాళ్లలో బాగా పైకి ఉన్న శ్రుతి ఆయనది, ఎత్తుపల్లాలు కూడా చాలా ఎక్కువ. ఇటలీలో ఉంబెర్తో బోస్సీ అని ఒక రాజకీయ నాయకుడు. 2004లో ఆయనకు పక్షవాతం వచ్చింది, ఆ తర్వాత గొంతులో ఎగుడుదిగుడులు తగ్గిపోయాయి. ముందు గద్దించి అధికారం చెలాయించేవాడిలా అనిపించిన మనిషి, తర్వాతి గొంతులో నెమ్మదైన, మేలు కోరే పెద్దమనిషిలా అనిపించాడని రోజారియో సిన్యొరెల్లో అనే పరిశోధకుడు చెప్పాడు. జబ్బు గొంతును మార్చింది, విన్నవాళ్లు గుణం మారిందనుకున్నారు.

మొన్న వర్షాకాలంలో మా దగ్గర శిక్షణకు ఒక అమ్మాయి వచ్చింది. గొంతు సన్నం, కానీ శుభ్రమైన గొంతు. స్టూడియోలో మైకు ముందు కూర్చోగానే ఆ గొంతు మాయమైంది. గడ్డం రొమ్ముకు ఆనించి, కిందినుంచి ఎక్కడినుంచో ఒక బరువైన గొంతు తీసింది. నేను రాసిచ్చిన వాక్యం ఇది: “ఎగువన వర్షాలు పడుతున్నందున రేపటి నుంచి కాలువకు నీళ్లు ఆపడం లేదు.” మొదటి సగం గంభీరంగా నడిచింది. ‘ఆపడం’ దగ్గర గొంతు అడుగంటింది. ఇంక దిగడానికి చోటు లేదు. ‘లేదు’ గరగరలో కలిసిపోయింది. గాజు అవతల కూర్చున్న ఇంజనీరును అడిగాను, నీళ్లు ఆపుతున్నారా లేదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, తెలియలేదన్నాడు.

“గొంతు ఎందుకమ్మా అలా మార్చావు?” అన్నాను.

“వార్తలకు నా గొంతు బాగోదన్నారు మేడమ్.”

ఎవరన్నారని అడగలేదు. నాకు తెలుసు.

కాగితం తీసుకుని ‘రేపటి నుంచి’ ముందర పెన్సిల్‌తో ఒక గీత గీశాను, అక్కడ ఊపిరి తీసుకోవడానికి. ‘లేదు’ కింద ఇంకో గీత. “మీ ఇంట్లో పొలం ఎవరు చూస్తారు?” అన్నాను. వాళ్ల తాతయ్యట. చెవులు కాస్త మందమట. “అయితే మైకు అవతల మీ తాతయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చెప్పు” అన్నాను.

ఎర్ర దీపం వెలిగింది. గడ్డం పైకి లేచింది. తన సొంత గొంతే, సన్నగా, నిటారుగా వచ్చింది. గీత దగ్గర ఆగింది, ఊపిరి తీసుకుంది. “రేపటి నుంచి కాలువకు నీళ్లు ఆపడం…” చిన్న విరామం. ఆ తర్వాత ‘లేదు’, రెండు అక్షరాలూ వేటికవి, గాజు మీద గోటితో కొట్టినట్టు. ఇంజనీరు తలెత్తి చూశాడు.